కార్డు గ్యారంటీ అనే స్కూబా స్కూల్‌కి దూరంగా ఉండండి

స్కూబా డైవింగ్ నేర్చుకోవాలనుకునేవాళ్లు అడిగే ప్రశ్నలు నాకు కంఠతా వచ్చేశాయి. శిక్షణ సంస్థల్లో ప్యాడీ మంచిదా, ఎస్‌ఎస్‌ఐ మంచిదా? ఎన్ని రోజుల్లో అయిపోతుంది? తక్కువలో ఎక్కడ అవుతుంది? నాకు నేర్పేదెవరు అని మాత్రం ఎవరూ అడగరు. ట్యాంకులోని గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ ఉంటేనే ఊపిరి ఆడే చోటికి మనల్ని తీసుకెళ్లే మనిషి గురించి ఒక్క ప్రశ్న కూడా ఉండకపోవడం నాకు ఇప్పటికీ వింతే. అందుకే ఈ పొడవాటి పోస్ట్.

సంస్థల గొడవ ముందు తేల్చేద్దాం, అందులో పెద్దగా విషయం లేదు కాబట్టి. బ్రిటన్ వాళ్ల బీఎస్‌ఏసీ 1953లో మొదలైంది, సీమాస్ 1959లో, ప్యాడీ 1966లో, ఎస్‌ఎస్‌ఐ 1970లో. ఇవి సిలబస్ రాస్తాయి, ఇన్‌స్ట్రక్టర్లకు అర్హత ఇస్తాయి, కోర్సు పూర్తి చేసినవాళ్లకు సర్టిఫికేషన్ కార్డులు జారీ చేస్తాయి. సొంతంగా డైవ్ చేయబోయే కొత్తవాళ్లకు ఏమేం వచ్చి ఉండాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఒకటుంది, ఐఎస్‌ఓ 24801-2. పేరున్న సంస్థల కోర్సులు దానికి తగ్గట్టే ఉంటాయి. ఒకరిచ్చిన కార్డును మరొకరి సెంటర్లో మామూలుగా ఒప్పుకుంటారు. ఒకే సిలబస్ చెప్పే బడులన్నీ ఒకేలా ఉంటాయా? ఇదీ అంతే. సెంటర్ గోడ మీద ఉండే ఐదు నక్షత్రాల రేటింగ్ చూసి కూడా మురిసిపోకండి. ఆ సెంటర్ ఏయే కోర్సులు, ఏయే సేవలు ఇస్తుందో వాటిని బట్టి తెలుస్తుందేమో గానీ, రేపు పొద్దున మీతో నీళ్లలోకి దిగేదెవరో తెలియదు.

నాకు నిజంగా ఒళ్లు మండేది "మూడు రోజుల్లో సర్టిఫికేషన్, గ్యారంటీ" అనే ప్రకటన చూస్తే. మూడు రోజులు తప్పని నేననను. థియరీ ముందే ఆన్‌లైన్లో చదువుకుని వచ్చి, నీళ్లలో భయం లేకుండా ఉండగలిగినవాళ్లకు మూడు నాలుగు రోజులు సరిపోతాయి. పేచీ అంతా ఆ గ్యారంటీ దగ్గరే. కొత్తవాళ్లు చేసే తొలి కోర్సు, ప్యాడీ ఓపెన్ వాటర్‌నే తీసుకోండి. పూల్‌లోనో, పూల్ లాంటి నిశ్చలమైన నీళ్లలోనో ఐదు డైవ్‌లు, ఆ తర్వాత సముద్రంలోనో సరస్సులోనో నాలుగు. ఒక్కో స్కిల్ తడబడకుండా, మళ్లీ చేయమంటే మళ్లీ చేసి చూపించగలిగితేనే అది వచ్చినట్టు. మరి మీకు అది ఎప్పటికి వస్తుందో ఎవరికీ తెలియనప్పుడు, కార్డు ఫలానా రోజుకి చేతిలో పెడతామని ముందే ఎలా చెబుతారు? దానికి ఒకటే దారి. రాకపోయినా వచ్చినట్టు రాసేయడం.

రాసేస్తే ఏమవుతుంది అంటారా? ఆ కార్డు మిమ్మల్ని 18 మీటర్ల లోతు వరకు, ఇన్‌స్ట్రక్టర్ లేకుండా, మీలాంటి మరో కొత్త డైవర్‌తో కలిసి దిగనిస్తుంది. పైన ఉన్నప్పుడు మన మీద ఉండే ఒత్తిడి 10 మీటర్ల లోతుకు వెళ్లేసరికి రెట్టింపవుతుంది. అక్కడ ఊపిరితిత్తుల నిండా పీల్చిన గాలిని బిగపట్టి పైకి వస్తే, అది రెండింతలుగా వ్యాకోచించాలని చూస్తుంది. ఊపిరితిత్తులకు అంత చోటు లేదు. లోతులోనే ప్రమాదం ఎక్కువ అనుకుంటాం గానీ, ఈ మార్పు అన్నిటికన్నా వేగంగా జరిగేది పైకి దగ్గరగా ఉన్నప్పుడే. ఊపిరి బిగపడితే ఒకటిన్నర మీటర్ల నుంచి పైకొచ్చినా ఊపిరితిత్తులకు గాయం కావచ్చు. అంటే పూల్ లోతు చాలు.

ఇప్పుడు మాస్క్‌లోకి నీళ్లొచ్చాయనుకోండి. కళ్లు మండుతాయి, ముక్కులోకి నీళ్లు పోతాయి, మెదడు "పైకి పో" అని అరుస్తుంది. అలవాటు లేని మనిషి ఊపిరి బిగపట్టి పైకి దూసుకుపోతాడు. మాస్క్ నింపుకుని, ముక్కుతో గాలి వదిలి ఖాళీ చేసే స్కిల్ కోర్సులో ఉన్నది సరిగ్గా ఇందుకే. పూల్ అడుగున మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకుని, ఒకే ఒక్కసారి ఎలాగోలా గట్టెక్కించినవాళ్లకు ఆ స్కిల్ వచ్చినట్టు టిక్ పెట్టి పంపించే ఇన్‌స్ట్రక్టర్ ఆ మనిషికి మేలు చేశాననుకుంటాడు. "పాపం, డబ్బు కట్టాడు కదా" అంటాడు. ఆ జాలి పేరు నిర్లక్ష్యం.

అందుకే డబ్బు కట్టే ముందు నేను అడగమనేది ఒకటే: "నాకు ఏదైనా స్కిల్ రాకపోతే ఏం చేస్తారు?" "అబ్బే, అందరికీ వస్తుందండీ, టెన్షన్ పడకండి" అంటే లేచి వచ్చేయండి. "ఇంకో పూల్ సెషన్ పెడతాం, దానికి ఇంత అవుతుంది. అప్పటికీ కాకపోతే ఇప్పటిదాకా చేసింది రాసిస్తాం, తర్వాత వచ్చి పూర్తి చేసుకోవచ్చు" అంటే కూర్చుని మిగతాది వినండి. పైగా, ఎప్పుడైనా ఎవరికైనా కార్డు ఇవ్వకుండా పంపారా అని కూడా అడగండి. పంపామని చెప్పే ఇన్‌స్ట్రక్టర్ మీద నాకు వెంటనే నమ్మకం కుదురుతుంది.

తర్వాత సంఖ్యల సంగతి. సముద్రంలో ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎనిమిది మంది విద్యార్థుల దాకా ప్యాడీ నియమాలు ఒప్పుకుంటాయి, అర్హులైన సహాయకులు ఉంటే పన్నెండు దాకా. అది అన్నీ బాగున్నప్పుడు దాటకూడని గీత. చాలా స్కూళ్లు దాన్ని సీట్ల సంఖ్య అనుకుంటాయి. ఎనిమిది మందిలో ఒకరు మాస్క్ తీస్తుంటే మిగతా ఏడుగురు చలికి వణుకుతూ చూస్తుంటారు, ట్యాంకుల్లో గాలి తగ్గిపోతుంటుంది. నీళ్లు మసకగా ఉంటే చివర ఉన్నవాళ్లు ఇన్‌స్ట్రక్టర్‌కి కనిపించనే కనిపించరు. నలుగురికి మించితే నేనైతే వేరే స్కూల్ చూసుకుంటాను. డబ్బు ఎక్కువైనా సరే.

ఫోన్లో తియ్యగా మాట్లాడే మనిషి, నీళ్లలో మీ పక్కనుండే మనిషి చాలాసార్లు వేరు. సీజన్లో ఆ పూట దొరికిన ఫ్రీలాన్సర్‌ని పిలిచి పని కానిచ్చే సెంటర్లు ఉన్నాయి. ఇన్‌స్ట్రక్టర్ పేరు ముందే అడగండి, మొదటి రోజు నుంచి చివరి డైవ్ దాకా ఆయనో ఆమో ఉంటారా అని అడగండి. వాళ్ల ఇన్‌స్ట్రక్టర్ నంబర్ అడిగి, ప్రస్తుతం బోధించే హోదాలో ఉన్నారో లేదో సంస్థను అడిగి చూసుకోవచ్చు. ఇన్‌స్ట్రక్టర్ కన్నా ఒక మెట్టు కింద ఉండే డైవ్‌మాస్టర్ సహాయం చేయవచ్చు గానీ ఓపెన్ వాటర్ కార్డు ఇచ్చే అధికారం వాళ్లకు లేదు.

అనుభవం గురించి ఒక మాట. తొలి కార్డు తీసుకున్న ఆరు నెలలకు, 100 డైవ్‌లు పూర్తి చేసి ప్యాడీ ఇన్‌స్ట్రక్టర్ పరీక్షకు కూర్చోవచ్చు. ఇది విని చాలామంది ఉలిక్కిపడతారు. అలాగని కొత్తవాళ్లంతా పనికిరారని కాదు. కొత్త ఇన్‌స్ట్రక్టర్లు కొందరు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, ఓపిగ్గా చెబుతారు. వేల డైవ్‌లు చేసిన కొందరికి కొత్తవాళ్లంటేనే విసుగు. కాబట్టి ఎన్ని డైవ్‌లు చేశారన్నది పక్కనపెట్టి, బెదిరిపోయిన విద్యార్థిని పోయినసారి ఎలా సంభాళించారో చెప్పమనండి. ఇంకో గుర్తు: పది నిమిషాలు మాట్లాడితే మంచి టీచర్ మీకు ఎదురు ప్రశ్నలు వేస్తారు. ఈత ఎంతవరకు వచ్చు, నీళ్లంటే భయం ఉందా, చెవుల్లో ఎప్పుడైనా ఇబ్బంది వచ్చిందా అని. రేటు తప్ప ఇంకేమీ మాట్లాడని మనిషికి మీరు మీరు కాదు, ఒక సీటు.

ఆ స్కూల్ పెట్టే ఫోటోలు, వీడియోలు కూడా ఒకసారి చూడండి. కొత్తవాళ్లు అడుగుకు తగలకుండా తేలుతూ స్కిల్స్ చేస్తున్నారా, బరువులు ఎక్కువ కట్టుకుని ఇసుకలో కూలబడి ఉన్నారా? పగడాల మీద నిలబడి ఫోజులిస్తున్నారా? నీళ్లలో మునగకుండా, పైకి లేవకుండా తేలగలిగే బాయన్సీ ఒక్కటి వస్తే మిగతా సగం దానంతటదే వస్తుంది. పగలంతా మోకాళ్ల మీద నేర్చుకున్న స్కిల్, కాళ్ల కింద నేల లేని చోట గుర్తుకు రాదు.

హెల్త్ ఫారం సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఆస్తమా, గుండె జబ్బులు, మూర్ఛలు, చెవి ఆపరేషన్లు, ఇలాంటివన్నీ అందులో అడుగుతారు. ఇలాంటి వాటికి "ఉంది" అంటే డాక్టర్ సంతకం కావాల్సి వస్తుంది. ఒక చోట నాకు ఆ కాగితం ఇస్తూనే "అన్నిటికీ లేదు అని పెట్టేయండి, లేకపోతే డాక్టర్ దగ్గరికి తిరగాలి, లేటవుతుంది" అన్నారు. నేను కాగితం తిరిగిచ్చి వచ్చేశాను. మన ఊపిరితిత్తుల గురించి అబద్ధం చెప్పమని నేర్పేవాళ్లు నీళ్లలో ఊపిరి గురించి ఏం నేర్పుతారు? ఈత విషయం కూడా ఇలాంటిదే. ప్యాడీ కోర్సులో 200 మీటర్లు ఆగకుండా ఈది, లేదా మాస్క్, ఫిన్స్ (కాళ్లకు తొడిగే రెక్కలు), స్నార్కెల్ (గాలి గొట్టం)తో 300 మీటర్లు ఈది, పది నిమిషాలు తేలి చూపించాలి. టైమ్ పరిమితి లేదు, స్టైల్ పట్టింపు లేదు. "ఈత రాకపోయినా పర్లేదు" అన్న మాట ఇన్‌స్ట్రక్టర్‌ పక్కనుండగా సరదాగా చేసి చూసే ట్రయల్ డైవ్‌కి చెల్లుతుంది, సర్టిఫికేషన్‌కి చెల్లదు. అన్నట్టు, ట్రయల్ డైవ్ తర్వాత చేతికిచ్చే రంగురంగుల కాగితం సర్టిఫికేషన్ కాదు. దాన్ని కార్డని నమ్మి వచ్చినవాళ్లు ఉన్నారు.

ఎమర్జెన్సీ ఆక్సిజన్ కిట్ ఎక్కడుందో చూపించమనండి. "ఆఫీసులో ఉంది" అంటే అది పడవలో లేదని అర్థం. ట్యాంకులోని గాలికి వాసన ఉండకూడదు. నూనె వాసన వస్తే ఆ ట్యాంకు వద్దనండి, మొహమాటపడకండి.

రివ్యూలు చదవడంలోనూ ఒక కిటుకుంది. కొత్తవాళ్లు రాసిన "సూపర్, తాబేలు కనిపించింది" రివ్యూలు దేనికీ పనికిరావు, పోల్చిచూడటానికి వాళ్లకు ఇంకో ఇన్‌స్ట్రక్టర్ తెలియదు కదా. కష్టపడినవాళ్లు రాసినవి వెతకండి. చెవి నొప్పి వచ్చినప్పుడు, మాస్క్ తీయడానికి భయపడినప్పుడు ఆ ఇన్‌స్ట్రక్టర్ ఏం చేశారో అక్కడ దొరుకుతుంది.

తొందరపెడతారేమోనని భయం ఉన్నవాళ్లు థియరీ, పూల్ డైవ్‌లు తమకు దగ్గరున్న సెంటర్లో నింపాదిగా ముగించి, సముద్రంలోనో సరస్సులోనో చేయాల్సిన ఆ నాలుగు డైవ్‌లు మాత్రం వేరే చోట చేసుకోవచ్చు. రెఫరల్ అంటారు. ఎందుకో దీన్ని ఎవరూ పెద్దగా ప్రచారం చేయరు.

ఇప్పటికే డబ్బు కట్టేసి, మొదటి రోజు పూల్‌లోనే మనసు కీడు శంకించినవాళ్లకు: ఏ డైవ్‌నైనా, ఏ క్షణంలోనైనా, కారణం చెప్పకుండా ఆపేసే హక్కు ప్రతి డైవర్‌కీ ఉంది. బొటనవేలు పైకి చూపిస్తే చాలు, ఇక అందరూ పైకి రావాల్సిందే. అది కోర్సుకీ వర్తిస్తుంది. ముందు ఇన్‌స్ట్రక్టర్‌ని మార్చమని అడగండి. కుదరదంటే, కట్టిన డబ్బు పోయిందనుకుని అక్కడితో ఆపేయండి.