ర్యామ్ పెంచుకుంటే వారంటీ ఎందుకు పోవాలి?

ఇంజినీరింగ్‌లో చేరే పిల్లలకు ల్యాప్‌టాప్ కొనేటప్పుడు చాలా ఇళ్లలో లెక్క ఒకటే. 16 జీబీ ర్యామ్ (నడుస్తున్న పనులను కంప్యూటర్ పట్టి ఉంచుకునే మెమరీ) ఉన్నది బడ్జెట్ దాటిపోతోంది, ఇప్పటికి 8 జీబీది తీసుకుందాం, కావాలంటే తర్వాత పెంచుకోవచ్చు. ఆ అవసరం రెండో ఏడాదికే వచ్చేస్తుంది. యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ (తెర మీదే ఫోన్‌లా పనిచేసే ప్రోగ్రామ్) నడుస్తుండగా పక్కన బ్రౌజర్‌లో నాలుగు వీడియోలు తెరిచి ఉంటే 8 జీబీ చాలదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్లినా, ఊళ్లో తెలిసిన కంప్యూటర్ షాపుకు వెళ్లినా ముందుగా వినిపించే మాట ఇదే: "పెంచొచ్చన్నా, కాకపోతే వారంటీ పోతుంది. మీ ఇష్టం."

ఆ మాట చాలా సందర్భాల్లో నిజం కాదు. అయినా అది అంత గట్టిగా పాతుకుపోవడం వల్ల, ర్యామ్ ఒక్కటి పెంచితే తీరే అవసరానికి కొందరు కొత్త ల్యాప్‌టాప్ కొంటున్నారు. ఇంకొందరు వారంటీ గడువు తీరేదాకా నత్తనడక మెషీన్‌తోనే నెట్టుకొస్తున్నారు. ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పడం వేరు, పాడు చేయడం వేరు. విప్పినంత మాత్రాన వారంటీ రద్దు చేసే అధికారం ఏ కంపెనీకీ ఉండకూడదు. పాడు చేశారని కంపెనీ అంటే, ఆ సంగతి కంపెనీయే రుజువు చేయాలి. ఈ తేడాను మన చట్టాలు సూటిగా చెప్పకపోవడం వల్లే మూత విప్పారో లేదో తెలియడానికి కంపెనీ అంటించిన స్టిక్కర్ చిరిగిందని చూపించి కస్టమర్‌ను వెనక్కి పంపేయడం సాధ్యమవుతోంది.

ముందు కంపెనీల సొంత కాగితాలే చూద్దాం. డెల్, హెచ్‌పీ, లెనోవో తమ చాలా మోడళ్ల సర్వీస్ మాన్యువల్స్‌ను వెబ్‌సైట్లలో ఉచితంగా పెడతాయి. ఏ స్క్రూ ఎక్కడుందో, మూతను ఏ మూల నుంచి ఎత్తాలో, ర్యామ్‌ను ఎలా తీసి ఎలా పెట్టాలో అన్నీ బొమ్మలతో ఉంటాయి. కస్టమర్ స్వయంగా మార్చుకోదగిన భాగాలకు లెనోవో 'సీఆర్‌యూ' అని పేరు పెట్టి, ఏయే భాగాలు ఆ కోవలోకి వస్తాయో మోడల్ వారీగా చెబుతుంది. మీరే మార్చుకోవచ్చని బొమ్మలేసి చెప్పిన కంపెనీ, మార్చుకున్నాక వారంటీ లేదనడం కుదరదు. అయితే ఒకే బ్రాండ్‌లోనూ అన్ని మోడళ్లకూ ఒకే నియమం ఉండదు. కాబట్టి ఫలానా కంపెనీ ఒప్పుకుంటుందట అన్న కబురు సరిపోదు, మీ మోడల్ కాగితాలే చూడాలి.

వారంటీ దేనికి ఇస్తారన్నది కూడా స్పష్టంగా తెలిసి ఉండాలి. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన భాగాలకే ఆ కంపెనీ బాధ్యత. మీరు కొని పెట్టిన ర్యామ్‌కు దాని తయారీదారుడే జవాబుదారీ. ఆ ర్యామ్ వల్లగానీ, పెట్టిన చేతి వల్లగానీ మదర్‌బోర్డు పాడైతే కంపెనీ ఉచితంగా బాగుచేయదు. ఇందులో అన్యాయమేమీ లేదు. కానీ ఆరు నెలల తర్వాత స్క్రీన్ మీద గీతలు వస్తే? హింజ్ విరిగితే? కీబోర్డులో నాలుగు మీటలు పనిచేయకపోతే? వాటికీ ర్యామ్‌కూ సంబంధమేంటి? సర్వీస్ సెంటర్ కౌంటర్‌లో ఈ ప్రశ్న వేయకుండా తలూపి వచ్చేవాళ్లే ఎక్కువ.

అమెరికాలో ఈ సంగతి 1975లోనే తేల్చేశారు. ఆ ఏడాది వచ్చిన మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, ఫలానా బ్రాండ్ భాగమే వాడాలి, ఫలానా చోటే రిపేర్ చేయించాలి అని వారంటీకి షరతు పెట్టడం కుదరదు, వాటిని కంపెనీ ఉచితంగా ఇస్తే తప్ప. ఈ చట్టం ఆధారంగానే 2018 ఏప్రిల్‌లో అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. వాటిలో ఏసూస్, సోనీ, మైక్రోసాఫ్ట్ కూడా ఉన్నాయి. 2024 జులైలో మళ్లీ ఇలాంటి లేఖలు వెళ్లాయి, ఈసారి కంప్యూటర్ భాగాలు తయారుచేసే గిగాబైట్, జోటాక్, ఏఎస్‌రాక్ కంపెనీలకు. 'స్టిక్కర్ తీస్తే వారంటీ చెల్లదు' అన్న రాతల మీదే ఆ అభ్యంతరం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు అక్కడ కొన్న ల్యాప్‌టాప్‌కు ఈ రక్షణ ఉంది. అదే మెషీన్ హైదరాబాద్ వచ్చాక ఇక్కడ సర్వీస్ దొరుకుతుందా లేదా అన్నది ఆ కంపెనీ అంతర్జాతీయ వారంటీ నిబంధనను బట్టి ఉంటుంది.

మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు. కానీ ఆ ఆలోచన మనకు కొత్తేమీ కాదు. 2014 ఆగస్టులో, మార్కెట్‌లో పోటీ సక్రమంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు మొత్తం రూ.2,544 కోట్ల జరిమానా వేసింది. స్పేర్ పార్టులు బయట దొరకనివ్వకుండా, బయటి మెకానిక్ చేయి పెడితే వారంటీ ఉండదని భయపెట్టినందుకు వేసిన జరిమానా అది. అప్పీళ్లలో జరిమానాల లెక్క తర్వాత మారింది గానీ, ఆ ఉత్తర్వులోని ఒక ఆదేశాన్ని ప్రతి ల్యాప్‌టాప్ యజమానీ గుర్తుపెట్టుకోవాలి: బయట రిపేర్ చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తాన్ని రద్దు చేయకూడదు, ఆ రిపేర్ సరిగా చేయకపోవడం వల్ల ఎంత నష్టం జరిగిందో అంతవరకే నిరాకరించవచ్చు. ఇది కార్ల కేసు. కానీ ఇందులోని న్యాయం ల్యాప్‌టాప్‌కు వర్తించకపోవడానికి కారణమేదీ నాకు కనిపించదు.

2020 జులై నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కూడా అక్కరకొస్తుంది. కారణం లేకుండా వారంటీ సేవ నిరాకరిస్తే అది సేవాలోపం కిందకు వస్తుందని వాదించవచ్చు. మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా సరే. కొన్న ధర రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. అంతకంటే ముందు 1915కు ఫోన్ చేస్తే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఫిర్యాదును కంపెనీకి చేరవేస్తుంది.

కంపెనీల భయాన్నీ కొట్టిపారేయలేం. మూత విప్పినప్పుడు జరిగే నష్టాలు నిజమైనవే. ప్లాస్టిక్ పలక వాడాల్సిన చోట స్క్రూడ్రైవర్ మొన పెట్టి ఎత్తితే మూత లాకులు విరుగుతాయి. టచ్‌ప్యాడ్‌కు వెళ్లే కాగితంలాంటి రిబ్బన్ కేబుల్ తెగుతుంది. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే అది బోర్డులోకి దిగుతుంది. బ్యాటరీ కనెక్షన్ తీయకుండా ర్యామ్ లాగితే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. కానీ వీటన్నిటికీ ఆనవాళ్లు ఉంటాయి. విరిగిన లాకు, కాలిన మచ్చ, తెగిన కేబుల్ టెక్నీషియన్ కంటికి కనిపించేవే. ఫొటో తీసి, ఫలానా భాగం ఇలా దెబ్బతింది కాబట్టి దీనికి మాత్రం వారంటీ వర్తించదు అని రాసివ్వడం కంపెనీకి కష్టం కాదు. అంతకంటే స్టిక్కర్ చూసి పంపేయడం తేలిక కాబట్టే ఆ దారి ఎంచుకుంటున్నారు.

మనవైపు నుంచి చేయాల్సింది కాగితం పోగుచేసుకోవడం. కొనే ముందో, ర్యామ్ పెంచే ముందో కంపెనీ సపోర్ట్‌కు సీరియల్ నంబర్ ఇచ్చి, "ఈ మోడల్‌లో ర్యామ్ నేను మార్చుకుంటే వారంటీ కొనసాగుతుందా?" అని ఈమెయిల్‌లో అడగండి. ఫోన్‌లో చెప్పిన మాటకు విలువ తక్కువ, ఈమెయిల్ జవాబుకు విలువ ఎక్కువ. లేదంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే పెట్టించుకుని జాబ్ షీట్ (చేసిన పని రాసిచ్చే కాగితం) తీసుకోవచ్చు, ధర కాస్త ఎక్కువైనా వాదనే ఉండదు. తీసేసిన పాత ర్యామ్‌ను అమ్మేయకండి. తర్వాత మెషీన్ మొరాయిస్తే, పాతది పెట్టి చూసినప్పుడే లోపం కొత్త ర్యామ్‌దో బోర్డుదో తేలుతుంది.

ర్యామ్ కొనే ముందు చూడాల్సింది ఇంకొకటుంది. విండోస్ టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద మెమరీ నొక్కితే ఫార్మ్ ఫ్యాక్టర్ అని ఒక వరుస కనిపిస్తుంది. అక్కడ 'ఎస్ఓడీఐఎంఎం' అని ఉంటే స్లాట్‌లో పెట్టిన ర్యామ్, తీసి మార్చుకోవచ్చు. 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే బోర్డుకే అతికించినది, దాన్ని మార్చలేం. ర్యామ్‌లో రెండు తరాలైన డీడీఆర్4, డీడీఆర్5 గాడులు వేరు కాబట్టి ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి పట్టదు. డీడీఆర్5 పెట్టాక మొదటిసారి ఆన్ చేస్తే కొన్నిసార్లు నిమిషం పైగా స్క్రీన్ నల్లగానే ఉంటుంది. కొత్త ర్యామ్‌కు తగ్గట్టు మెషీన్ సర్దుకుంటున్న సమయం అది. చాలామంది అక్కడే టెన్షన్ పడి పవర్ బటన్ నొక్కిపట్టుకుంటారు. ఆగి చూడండి.

షాపులవాళ్లు ముందే ర్యామ్ పెంచి అమ్మే ల్యాప్‌టాప్‌ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. డబ్బా మీద 8 జీబీ ఉంటుంది, బిల్లులో 16 జీబీ ఉంటుంది. కంపెనీ వెబ్‌సైట్‌లో సీరియల్ నంబర్ కొడితే ఫ్యాక్టరీ నుంచి ఏ ర్యామ్‌తో వచ్చిందో చాలా బ్రాండ్లలో తెలిసిపోతుంది. అదనంగా పెట్టిన ర్యామ్ ఏ బ్రాండ్, దాని వారంటీ ఎవరిది అన్నది బిల్లులో విడిగా రాయించుకోవాలి. లేకపోతే కంపెనీ షాపును చూపిస్తుంది, షాపు కంపెనీని చూపిస్తుంది.

అసలు ప్రమాదం మాత్రం స్టిక్కర్‌ది కాదు, స్లాట్ మాయమవడం. మ్యాక్‌బుక్‌లలో ర్యామ్ మార్చుకునే వీలు ఎప్పుడో పోయింది. సన్నటి విండోస్ ల్యాప్‌టాప్‌లూ అదే బాట పట్టాయి. సన్నదనం, బ్యాటరీ, వేగం కోసం అంటారు. అందులో కొంత నిజముంది. కానీ దానికీ విరుగుడు వచ్చింది. అంతే సన్నగా ఉంటూ, స్క్రూలు విప్పి మార్చుకోగలిగే క్యామ్2 అనే మెమరీ ప్రమాణాన్ని, అలాంటి ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ 2023 డిసెంబరులో ప్రకటించింది. 2024లో లెనోవో థింక్‌ప్యాడ్ పీ1లో ఆ తరహా ర్యామ్ పెట్టి చూపించింది కూడా. చేయగలిగినా ఎక్కువ కంపెనీలు చేయడం లేదు, ఎందుకంటే ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటే, కొనేటప్పుడే పెద్ద మెమరీ మోడల్‌కు కంపెనీ అడిగినంత ఇవ్వడం తప్ప కస్టమర్‌కు వేరే దారి ఉండదు. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు రెండింతలకు పైగా పెరిగాయి. మామూలు కొనుగోలుదారులకు క్రూషియల్ పేరుతో ర్యామ్ అమ్ముతూ వచ్చిన మైక్రాన్ ఆ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు డిసెంబరులో ప్రకటించింది. ఇలాంటి కాలంలో ఇప్పుడు కావాల్సినంత కొని, ధర తగ్గినప్పుడు పెంచుకునే వీలు మధ్యతరగతికి మరింత అవసరం.

వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రైట్ టు రిపేర్ (కొన్న వస్తువును బాగుచేయించుకునే హక్కు) మీద కమిటీ వేసింది, ఆ ఏడాది డిసెంబరు 24న పోర్టల్ తెరిచింది. తర్వాత, ఒక వస్తువును ఎంత తేలిగ్గా బాగుచేయవచ్చో చెప్పే రిపేరబిలిటీ ఇండెక్స్ కోసం మరో కమిటీ 2025లో నివేదిక ఇచ్చింది. ముందుగా స్మార్ట్‌ఫోన్లకు, ట్యాబ్లెట్లకు పెడతామన్నారు. ఫ్రాన్స్ 2021 జనవరిలో ఇలాంటి ఇండెక్స్ మొదలుపెట్టినప్పుడే ల్యాప్‌టాప్‌లను చేర్చింది. మన ఇండెక్స్‌లోకీ ల్యాప్‌టాప్ రావాలి. ర్యామ్ స్లాట్ ఉందా, ఎంతవరకు పెంచవచ్చు, సొంతంగా పెంచుకుంటే వారంటీ కొనసాగుతుందా అన్న మూడు సంగతులూ డబ్బా మీద ధర పక్కనే అచ్చు వేయించాలి, తెలుగు రాష్ట్రాల్లో అమ్మేవాటి మీద తెలుగులో కూడా.