హక్కులకూ ఏటిగట్టు కావాలి

పౌరహక్కులను రాజ్యాంగంలోనే రాసుకోవాలా, మామూలు చట్టాలకు వదిలేయాలా? ఆస్ట్రేలియానే చూడండి. దాని రాజ్యాంగం 1901లో అమల్లోకి వచ్చింది. పౌరహక్కుల అధ్యాయం మాత్రం అందులో ఇప్పటికీ లేదు. ఉన్న కొద్దిపాటి హామీలను, అంటే మతస్వేచ్ఛను, జ్యూరీ విచారణను, సేకరించిన ఆస్తికి న్యాయమైన పరిహారాన్ని మరింత విస్తరిద్దామంటే 1988 రెఫరెండంలో ఓటర్లు ఒప్పుకోలేదు. హక్కులను కాపాడటానికి పార్లమెంటు చాలునని, హక్కుల పత్రం వస్తే ప్రజలు ఎన్నుకోని న్యాయమూర్తులు విధానాలను శాసిస్తారని అక్కడ చాలామంది వాదన. అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు.

అయితే 2007లో నార్తర్న్ టెరిటరీ ఆదివాసీ ప్రాంతాలలో కేంద్ర ప్రభుత్వం అత్యవసర చర్యలకు దిగినప్పుడు, 1975 నాటి జాతివివక్ష నిషేధ చట్టం వాటికి అడ్డు రాకుండా ఆ పార్లమెంటే దాన్ని పక్కన పెట్టింది. మామూలు చట్టం ఇచ్చిన హక్కును మరో మామూలు చట్టం తీసేయగలదు. ఈ సంగతి గోదావరి డెల్టాలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. ఏటిగట్టు పనులు వేసవిలో చేసుకోవాలే తప్ప, ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరిక ఎగిరాక మిగిలేవి ఇసుక బస్తాలే. హక్కులకు ఆ గట్టు రాజ్యాంగమే.

రాజ్యాంగంలో రాసుకున్న గట్టుకూ గండి పడుతుంది. మన దేశంలో ఎమర్జెన్సీ కాలంలో, 1976 ఏప్రిల్‌లో, నిర్బంధితులు కోర్టు తలుపు తట్టే వీలు లేదని సుప్రీంకోర్టు 4–1 మెజారిటీతో తీర్పు చెప్పింది. విభేదించినది జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. కానీ గండి ఎక్కడ పడిందో అందరికీ కనబడింది కాబట్టే, నేర విచారణలో రక్షణలిచ్చే 20వ, ప్రాణానికీ వ్యక్తిగత స్వేచ్ఛకూ హామీ ఇచ్చే 21వ అధికరణాల అమలును ఎమర్జెన్సీలోనూ నిలిపివేయరాదని 1978లో 44వ సవరణ తేగలిగారు.

2022 మేలో కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టే ప్రతిపాదనపై అమలాపురంలో అల్లర్లు చెలరేగి, ఇళ్లు తగలబడ్డాయి. ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచే ఉద్యోగం చేసుకుంటున్న సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకు చేరారు. ఆ ఉద్రిక్తతలో ఏదో ఒక కట్టడి అవసరమేనని నేనూ అంటాను. కానీ ఇంటర్నెట్‌ను ఆపే ఉత్తర్వును ప్రజలకు తెలిసేలా ప్రకటించాలని, నిరవధికంగా ఆపరాదని సుప్రీంకోర్టు 2020 జనవరిలోనే చెప్పింది. అలా చెప్పడానికి దానికి దొరికిన ఆధారం భావప్రకటన స్వేచ్ఛ ఇచ్చే 19వ అధికరణం. హక్కు రాసి ఉంటే, ఉత్తర్వు కాపీ చూపించమని అడగడానికి పౌరుడికి అధికారం ఉంటుంది. లేకపోతే అది విన్నపమే.

అడగడానికి చోటు కూడా దగ్గర్లో ఉండాలి. రాజ్యాంగానికి ఆత్మ అని అంబేడ్కర్ చెప్పిన 32వ అధికరణం హక్కుల కోసం పౌరుణ్ని సుప్రీంకోర్టుకు ఢిల్లీ పంపుతుంది, 226వది హైకోర్టుకు అమరావతి పంపుతుంది. అంతర్వేది జాలరికి రెండూ దూరమే. 32వ అధికరణం మూడో క్లాజు హక్కులను అమలు చేయించే ఈ అధికారాన్ని ఇతర కోర్టులకూ వాటి పరిధిలో ఇచ్చేందుకు పార్లమెంటుకు వీలు కల్పించినా, ఇంతవరకు ఆ పని జరగలేదు. హక్కుల అధ్యాయం కొత్తగా రాసుకునే దేశం ఆ పనిని పార్లమెంటు దయకు వదలకుండా, జిల్లా కోర్టుకే ఆ అధికారం ఉంటుందని మొదటి ప్రతిలోనే రాసుకోవాలి.