వైస్ చాన్సలర్ కాగోరు వారికి

కట్టమంచి రామలింగారెడ్డి గారి మీద నాకో ఫిర్యాదు ఉంది. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అంటే ఆంధ్రా యూనివర్సిటీ, పుడితే మొదటి వైస్ చాన్సలర్ ఆయనే. కవి, విమర్శకుడు, గొప్ప వక్త. హాయిగా కూర్చోవచ్చు కదా? 1930లో స్వాతంత్ర్యోద్యమంపై బ్రిటిష్ ప్రభుత్వ అణచివేతను నిరసిస్తూ కుర్చీ వదిలేశారు. తర్వాత రాధాకృష్ణన్ గారు వచ్చారు, ఆయన వెళ్లాక 1936లో మళ్లీ రెడ్డి గారినే తెచ్చి కూర్చోబెట్టారు. 1949 దాకా ఉన్నారు. ఎదురు తిరిగినా కుర్చీ దక్కుతుందన్న అపోహ యువ ప్రొఫెసర్లలో ప్రబలితే ఎవరిది పూచీ?

అదృష్టవశాత్తూ తర్వాతి వాళ్లు రాజీనామాకు సరైన ముహూర్తం కనిపెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారింది. వరసబెట్టి వీసీల రాజీనామాలు. బలవంతమని ఒక పక్షం, స్వచ్ఛందమని ఇంకో పక్షం. ఇంతమంది అంతరాత్మలు ఒకే సీజన్లో మేల్కొనడం మాత్రం మామూలు విషయం కాదు. అదే ఏడాది మే నెలలో తెలంగాణలో 10 యూనివర్సిటీల వీసీల పదవీకాలం ఒకేసారి ముగిస్తే, ఐఏఎస్ అధికారులు ఇన్‌ఛార్జులుగా వచ్చారు. ఫైలు ఆగకపోతే చదువు సాగుతున్నట్టే లెక్క.

ఇక అర్హతలు. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2018 నిబంధనల్లో, వీసీకి సామర్థ్యం, నిజాయితీ, నైతికత అత్యున్నత స్థాయిలో ఉండాలని రాసుంది. దీనికి టెన్షన్ పడక్కర్లేదు, వాటిని కొలిచే ఇంచుటేపు వీసీ పేర్లు సూచించే సెర్చ్ కమిటీ దగ్గర ఉండదు.

అసలు పరీక్ష కళాపోషణ. యూనివర్సిటీ ఆడిటోరియంలో ఏదైనా ఉత్సవం చూడండి. రామప్ప గుడి శిల్పాలు చూసి నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు మళ్లీ ప్రాణం పోసిన పేరిణి నృత్యం ఆ రోజు ప్రధానాంశం. కుర్రాళ్లు గజ్జెలు కట్టుకుని తెర పక్కన నిలబడి ఉంటారు. వేదిక మీద జ్యోతి వెలగదు, ఫ్యాన్ గాలి. రిజిస్ట్రార్ గారు అరచెయ్యి అడ్డం పెడతారు, డీన్ గారు రెండో అగ్గిపుల్ల గీస్తారు, వీసీ గారు కెమెరా వైపు నవ్వుతూనే ఉంటారు. అంత ఓపికున్న నవ్వు నాట్యశాస్త్రం చదివినా రాదు. తర్వాత శాలువాలు. మంత్రి గారికి, మంత్రి గారి బావమరిదికి, చివరికి ఎవరో గుర్తుచేస్తే గురువు గారికి. చీఫ్ గెస్టు విమానం వేళవుతోంది కాబట్టి పేరిణిని కాస్త కుదించమంటారు.

సన్మానపత్రం మాత్రం పూర్తిగా చదువుతారు. ఫ్రేము కట్టించింది వీసీ గారి ఇంటి గోడ కొలతకే.