వేళ్ళా, బీటరా? సాబ్లే బిస్కెట్ మీద వదినా మరదళ్ళ పేచీ

మరదలు: ఫ్రాన్స్ వాళ్ళ సాబ్లే నోట్లో వేసుకోగానే పొడిపొడిగా రాలాలి, అంతేగా వదినా? వెన్న మెత్తబడ్డాక పంచదార వేసి బీటర్‌తో గిలక్కొడితే ఐదు నిమిషాల్లో పనైపోతుంది. నువ్వు చెప్పినట్టు గడ్డ వెన్నను మైదాలో వేళ్ళతో నలుపుతూ కుస్తీ ఎందుకు?

వదిన: గిలక్కొడితే వెన్నలోకి గాలి చేరి పొంగుతుంది. కేకుకు కావలసింది అది. సాబ్లేకి 200 గ్రాముల మైదాలో ఫ్రిజ్‌లోంచి తీసిన ఉప్పు వెన్న 100 గ్రాములు చిన్న ముక్కలుగా వేసి వేలికొసలతో నలపాలి. నలపగా నలపగా తడి రవ్వలా అవుతుంది. పిడికిట పడితే ముద్ద నిలవాలి, వేలు తగిలితే విడిపోవాలి. జంతికల పిండికి మనం చేసేదీ ఇదే కదా! ముందు వెన్న పట్టించి, తర్వాతే నీళ్ళు పోస్తాం. పిండికి కొవ్వు పట్టాక తడి సరిగా అందదు, జిగురు సాగదు. గుల్లదనమంతా అక్కడే ఉంది.

మరదలు: మే నెలలో విజయవాడలో నలిపి చూడు. వేళ్ళ వేడికే వెన్న కారిపోతుంది, బిస్కెట్లు ట్రేలో పరుచుకుపోతాయి. ఇంకోటి, ఫ్రాన్స్‌లోనే బ్రిటనీ అనే ప్రాంతం వాళ్ళు మందపాటి పలే బిస్కెట్లకు పచ్చసొన, పంచదార గిలక్కొట్టి మెత్తటి వెన్నే కలుపుతారు. అవి రాలట్లేదా?

వదిన: రాలతాయి, కాదనను. కానీ వాటిని రింగుల్లో పెట్టి కాలుస్తారు, అందుకే పరుచుకోవు. నీ దగ్గర రింగులున్నాయా?

మరదలు: లేవులే. అసలు బ్రెడ్డుకు రాసుకునే ఉప్పు వెన్నతో తీపి వంటేమిటి?

వదిన: బ్రిటనీలో వెన్నంటే ఉప్పు వెన్నే! రాజుల కాలంలో ఫ్రాన్స్‌లో ఉప్పు మీద గాబెల్ అని పన్ను ఉండేది. బ్రిటనీకి మినహాయింపు. గెరాండ్ ఉప్పు మడులు వాళ్ళవే. ఉప్పు చవక కాబట్టి వెన్నలో ధారాళంగా వేసి నిలవ చేసుకునేవారు. 1790లో పన్ను పోయింది, ఆ రుచి మాత్రం పోలేదు. మన టేబుల్ బటర్‌లోనూ ఉప్పుంటుంది, విడిగా వెయ్యక్కర్లేదు.

మరదలు: ఉప్పు సంగతి సరే. ఎండ మాటేమిటి?

వదిన: ఆ ఎండలో నీ వెన్నను మెత్తబడమని బయట పెడితే మాత్రం కారదా? మైదా, గిన్నె కూడా అరగంట ఫ్రిజ్‌లో పెట్టు. వెన్నను తురుముకో, అరచెయ్యి తగలనివ్వకు. రవ్వయ్యాక 80 గ్రాముల పంచదార పొడి, రెండు పచ్చసొనలు వేసి, ముద్ద కట్టగానే చెయ్యి తీసెయ్. పిసికితే గట్టిపడతాయి. గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి, ఒత్తి కోసి, 170 డిగ్రీల దగ్గర అంచులు ఎర్రబడేదాకా కాల్చు.

మరదలు: ఇంట్లోకైతే నలుపుతాను. పండక్కి వంద చెయ్యాలంటే మాత్రం బీటరే.

వదిన: వంద చెయ్యాలంటే ముందురోజే నలిపి ఆ రవ్వ ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. నేనూ వస్తాను, ఇద్దరం కూర్చుంటే ఎంతసేపు!