తగ్గింది కొవ్వా, నీళ్లా?

క్రాష్ డైట్ చేసి, అంటే త్వరగా బరువు తగ్గాలని తిండి బాగా కోసేసి, "వారంలో నాలుగు కిలోలు" తగ్గామని వెయింగ్ మెషిన్ ఫొటోలు పెట్టేవాళ్ల కోసం ఓ చిన్న లెక్క. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు పడాలి. రోజుకి 1,800 ఖర్చయ్యే మనిషి 700తో సరిపెట్టుకుంటే లోటు 1,100. వారానికి 7,700. అంటే ఒక్క కిలో. మిగతా మూడూ? కాలేయంలో, కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ (నిల్వ చేసుకున్న పిండిపదార్థం), దాన్ని పట్టుకుని ఉండే నీళ్లు (గ్రాముకి దాదాపు మూడు గ్రాములు), ఖాళీ అయిన పేగులు, కాస్త కండ. ఆదివారం బిర్యానీ తింటే సోమవారానికి కిలోన్నర పెరిగేదీ అందుకే. అదీ నీళ్లే.

అలాగని క్రాష్ డైట్ మొత్తం మోసమనట్లేదు. 2017లో బ్రిటన్ నుంచి 'డైరెక్ట్' అధ్యయనం ఫలితాలు వచ్చాయి. టైప్ 2 షుగర్ వచ్చి ఆరేళ్లు దాటని, ఇన్సులిన్ వాడని వాళ్లకి మూడు నుంచి ఐదు నెలలు రోజుకి 825–853 కేలరీల షేకులు, సూపులే ఆహారం. ఏడాదికి 46 శాతం మందికి మందుల్లేకుండా షుగర్ అదుపులోకి వచ్చింది. మామూలు వైద్యంలో ఉన్నవాళ్లలో అది 4 శాతమే. రెండేళ్లకి 46 కాస్తా 36 అయింది. అయినా చిన్న విషయం కాదు.

మనవాళ్లు ఇక్కడ ఒక్క ముక్క మింగేస్తారు. ఆ అధ్యయనంలో డైట్ మొదలైన రోజే డాక్టర్లు వాళ్ల షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు ఆపించారు. ఇక్కడేమో పొద్దున గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకుని మధ్యాహ్నం కీరా ముక్కలు తింటారు. తిండి పడిందా లేదా అని ఆ మాత్ర చూడదు, ఇన్సులిన్‌ని బయటికి తోస్తూనే ఉంటుంది. చెమటలు, వణుకు, ఆపైన కళ్లు తిరిగి పడిపోవడం. డాపాగ్లిఫ్లోజిన్ అనే మరో షుగర్ మాత్రది ఇంకో తంటా. షుగర్ మీటర్‌లో 180 మాత్రమే చూపిస్తుంటేనే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకుపోయి వాంతులు, ఆయాసం మొదలవుతాయి. గ్యాస్ అనుకుని పడుకుంటే ప్రాణం మీదికొస్తుంది. మాత్రలు సొంతంగా మానెయ్యమని కాదు. రోజుకి ఇంతే తింటాను, ఏ మాత్ర ఎంత తగ్గించాలని ముందే డాక్టర్ని అడగండి.

షుగర్ లేనివాళ్లూ గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) సంగతి మర్చిపోకూడదు. తిండిలో కొవ్వు బొత్తిగా లేకపోతే ఆ సంచి ముడుచుకోదు, పిత్తరసం నిలవుండిపోతుంది. కరిగే కొవ్వులోని కొలెస్ట్రాల్ అందులోకే చేరి రాళ్లు కడుతుంది. వారానికి కిలోన్నర మించి తగ్గేవాళ్లకి ముప్పు ఎక్కువ. తిన్నాక కుడి పక్కటెముకల కింద పట్టేసి భుజం వెనక్కి పాకే నొప్పికి యాంటాసిడ్ కాదు, అల్ట్రాసౌండ్ కావాలి.

జుట్టు రెండు మూడు నెలలు ఆగి రాలుతుంది. అప్పటికి డైట్ మర్చిపోయి బోరు నీళ్లని తిడుతుంటారు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పద్దెనిమిది నిండనివాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు, గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ల వాపు) ఉన్నవాళ్లు క్రాష్ డైట్ జోలికే పోవద్దు.

పెళ్లికి నెలే ఉందంటారా? రోజూ తినేదాంట్లో 500 కేలరీలు కోసి, ప్రొటీన్ మాత్రం కొయ్యకండి. 65 కిలోల మనిషికి 70 గ్రాములైనా కావాలి. మూడు గుడ్లలో 18, వంద గ్రాముల పచ్చి చికెన్‌లో 22, యాభై గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో 26, కప్పు పెరుగులో 6 వస్తాయి. నెలకి రెండు కిలోలు తగ్గుతారు. మిగతాది బ్లౌజ్ లోపల టైలర్ వదిలిన అంగుళం గుడ్డ చూసుకుంటుంది.