బామ్మర్ది తుపాకీ, పాలమూరు పల్లికాయ

పోయిన ఆదివారం మా బామ్మర్ది జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్ వచ్చి, చెప్పులన్నా విప్పకముందే దేశ రక్షణపై ఒక ప్రకటన చేశాడు. "బావా, బుల్‌పప్ గన్ ఏ భుజానికి పెట్టినా ఒక్కటే. కుడికెల్లి కొట్టు, ఎడమకెల్లి కొట్టు. గోడ మూల కాడ భుజం మార్చుడు, కాల్చుడు. గంతే!"

ఇలాంటి నిపుణుడు మీ ఇంట్లోనూ ఒకడుంటాడు కాబట్టి ఎక్కువ పరిచయం అక్కర్లేదు. పబ్జీ ఆడి ఆడి బొటనవేళ్లు అరిగాయి. అసలు తుపాకీని దగ్గర్నుంచి చూసింది ఒక్కసారే, బ్యాంకు గుమ్మంలో కునుకు తీస్తున్న గార్డు ఒళ్లో.

బుల్‌పప్‌ అంటే తెలియని అదృష్టవంతులకు రెండు ముక్కలు. మామూలు రైఫిల్లో తూటాలుండే డబ్బా, అదే మ్యాగజైన్, ట్రిగ్గర్‌కు ముందుంటుంది. బుల్‌పప్‌లో దాన్ని ట్రిగ్గర్ వెనక్కి, మడమలోకి జరిపారు. గొట్టం పొడవు తగ్గకుండానే తుపాకీ పొట్టిదవుతుంది. ఇరుకు సందుల్లో, బండి దిగేటప్పుడు సుఖం. కానీ కాల్చినప్పుడల్లా ఖాళీ షెల్ ఎగిరిపడే కిటికీ కూడా వెనక్కి వచ్చేసింది, సరిగ్గా చెంప ఆనించే చోటికి. కుడి భుజానికి పెడితే షెల్ కుడివైపు గాల్లోకి పోతుంది. ఎడమకు మార్చారా, కాలే ఇత్తడి నేరుగా మీ మొహానికే.

ఇదంతా నోటితో చెప్పాను. దేశ రక్షణ నిపుణులు నోటి మాట వినరు.

అప్పుడే వంటింట్లో అత్తమ్మ బాదేపల్లి మార్కెట్ పల్లికాయను ఇసుకలో వేయిస్తోంది. మా జిల్లాలో దేనికి కరువున్నా దీనికి లేదు. బామ్మర్ది మూలనున్న గొడుగు అందుకున్నాడు. మ్యాగజైన్ కావాలంటూ కూరగాయల బుట్టలోంచి వంకర బీరకాయ ఏరి, గొడుగు వెనక భాగానికి తువ్వాలతో కట్టాడు. షెల్ ఎగరేసే బాధ్యత ఎనిమిదేళ్ల మా బిడ్డకు అప్పగించాం. గిన్నెడు వేడి పల్లికాయతో వాడి చంకలో దూరి నిలబడింది. మామ "ఢాం" అన్నప్పుడల్లా బీరకాయ దగ్గర్నుంచి కుడివైపుకు ఒక కాయ విసరాలి.

కుడి భుజం. ఢాం. కాయ పోయి ఫ్రిజ్‌కు తగిలింది. ఢాం, ఢాం. రెండు కాయలు సోఫా కిందికి. మామ మీసం తిప్పాడు.

ఎడమ భుజం. ఢాం. కాయ చెంప మీద. ఢాం. ముక్కు మీద. "అబ్బా, ఆగవే!" అనేలోపు, తెరిచిన నోట్లోకి ఇసుకతో సహా మూడోది. అది షెల్ అయితే ఈపాటికి రెండు పళ్లు ఫ్రిజ్ కిందుండేవి. వాడు మాత్రం కాయ నమిలి, "ఉప్పు తక్కువైంది" అన్నాడు.

ఈ తిప్పలు తుపాకీ చేసేవాళ్లకు తెలియక కాదు. 1985లో బ్రిటన్ సైన్యానికి వచ్చిన ఎస్ఏ80కి కుడి భుజమే గతి, ఎడమచేతి వాటం సిపాయి కూడా కుడికి మారాల్సిందే. ఆస్ట్రియా సైన్యం 1977లో తీసుకున్న స్టైర్ ఆగ్‌కు మాత్రం ఎడమవాటం వాళ్ల కోసమని వేరే బోల్ట్, అంటే ఖాళీ షెల్‌ను బయటికి లాగే ముక్క, చేశారు. అది వేసి, కిటికీ మూత అటుది ఇటు పెడితే షెల్ ఎడమకు పోతుంది. మన ప్రత్యేక బలగాల చేతుల్లోని ఇజ్రాయెల్ టావోర్‌కూ ఈ ఏర్పాటుంది. అయితే అది తీరిగ్గా తుపాకీ విప్పి చేసే పని, గోడ మూలన తూటాల మధ్య కాదు. పైగా ఎడమకు సర్దింది మళ్లీ కుడి చెంపకు పగ. నిజంగా రెండు భుజాలకూ కుదరాలని తలకాయ పెట్టింది బెల్జియం వాళ్లు. పీ90 షెల్‌ను కిందికి రాలుస్తుంది. 2001 నాటి ఎఫ్2000 దాన్ని ఒక గొట్టంలోంచి ముందుకు నెట్టి, మొహానికి దూరంగా పడేస్తుంది.

ఇంతవరకు వచ్చేసరికి, చెంప తుడుచుకుంటున్న మా నిపుణుడికి ఓటమికి కారణం దొరికింది.

"ఏయ్, పుర్రచెయ్యితోని ఇసురుతవేందే? మంచి చెయ్యి లేదా నీకు?"

మంచి చెయ్యి!

మూడో తరగతిలో నా ఎడమ చేతి కణుపుల మీద చెక్క స్కేలు అంచుతో కొట్టింది ఆ మంచి చెయ్యే. బలపం కుడికి మార్చేదాకా కొట్టారు. నా రాత ఈనాటికీ కోడి కెలికినట్టుంటుంది. ముప్పై ఏళ్లు గడిచాయి, మొన్న మా బిడ్డ డైరీలో ఎర్ర సిరాతో ఏం రాసి పంపారో తెలుసా? "ఇంట్లో కుడి చేత్తో రాయించండి." ఎందుకు రాయించాలి? ఆ చేతికేం రోగం? పదోతరగతి వరకు పోతే, పరీక్ష హాల్లో కుర్చీకి రాత పలక కుడివైపే ఉంటుంది. పిల్ల నడుం మెలితిప్పుకొని మూడు గంటలు రాయాలి. మనిషిని చంపే యంత్రం చేసేవాడు ఎడమవాటం వాడి చెంప గురించి 1977లోనే ఆలోచించాడయ్యా! అక్షరం నేర్పే మీకు ఎడమవైపు ఒక చెక్క ముక్క కొట్టించడానికి ఏమడ్డం? కొట్టించకపోతే పీడాపోయె, ఆ చెయ్యి జోలికి రాకండి!

నా అరుపుకు ఇల్లంతా సద్దుమణిగింది. అత్తమ్మ పొయ్యి ఆపింది. బామ్మర్ది మాట మార్చాలని గొడుగు మళ్లీ కుడి భుజానికి ఎత్తుకొని, "ఇటు మాత్రం తిరుగులేదు బావా, చూడు" అన్నాడు.

బిడ్డ గిన్నె చంకన పెట్టుకొని వాడి ఎడమవైపుకు వచ్చి నిలబడింది.

"ఢాం అను మామా."