ఉమ్మడి జిల్లా ఆకస్మిక ప్రణాళిక గారికి

మహారాజశ్రీ వరంగల్ జిల్లా వ్యవసాయ ఆకస్మిక ప్రణాళిక గారి సముఖానికి,

నర్సంపేట వైపు పత్తి, వరి పండించుకునే రైతు నమస్కరించి వ్రాయునది. మేమంతా ఇక్కడ క్షేమం. అంటే ఈ వారం వాన ముంచలేదు, ఎండ మాడ్చలేదు. మీ క్షేమం గురించి అడగనక్కర్లేదు. ఇంటర్నెట్‌లో కాపురం ఉన్నవారికి చెదలు పట్టవు, వరద రాదు.

వాన తప్పినా, ముంచెత్తినా రైతు ఏం చేయాలో జిల్లాకొకటిగా సర్కారు రాసిపెట్టిన పత్రం మీరు. మీరు ఉన్నారన్న సంగతి ఈమధ్యే తెలిసింది. పక్కింటి కుర్రవాడు ఫోనులో ఇంకేదో వెతుకుతుంటే మీరు బయటపడ్డారు. అన్నీ పట్టికలు, అంతా ఇంగ్లిషు. అతను అర్థం చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నాను. రుతుపవనాలు రెండు వారాలు ఆలస్యమైతే ఏం చేయాలి, నాలుగైతే, ఆరైతే, ఎనిమిదైతే ఏం చేయాలి? మొలక దశలో వాన మొహం చాటేస్తే, పూత మీద ఎండగొడితే ఎలా? వడగళ్లకు, వడగాడ్పులకు, చివరికి కోళ్లకు, చేపలకు కూడా మీలో గడులు ఉన్నాయి. ఇంత తెలిసీ మా ఊరి పొలిమేర తొక్కకపోవడం మీ వినయమనే అనుకుంటున్నాను.

దేశంలో 600కు పైగా జిల్లాలకు మీ తోబుట్టువులు ఉన్నారట. వంశమూ సామాన్యమైనది కాదు. 2008 నాటి జాతీయ వాతావరణ కార్యాచరణ ప్రణాళికలో ఎనిమిది మిషన్లు ఉంటే, అందులో ఒకటి అచ్చంగా విజ్ఞానం కోసమే. 2015 పారిస్ ఒప్పందం ఏడో అధికరణంలో, మారుతున్న వాతావరణాన్ని తట్టుకునే మంచి పద్ధతులను, నేర్చుకున్న పాఠాలను పంచుకోవాలని దేశాలన్నీ ఒప్పుకున్నాయి. ఆ విజ్ఞానంలో ఖాళీలు ఎక్కడున్నాయో వెతకడానికి ఐక్యరాజ్యసమితి లిమా నగరం పేరుతో ఒక కార్యక్రమమే పెట్టింది. వెతికేవారు హనుమకొండలో ములుగు బస్సెక్కి ఉంటే శ్రమ కొంత తగ్గేది.

మీకు మా ఊళ్లో ఒక పోటీదారు ఉన్నారు. ఎరువుల దుకాణం సేటు. తెగులు పట్టిన ఆకును తుంచి తీసుకెళ్లి గల్లాపెట్టె మీద పెడితే, ఫోను చెవి దగ్గర నుంచి తీయకుండానే దాన్ని అటూ ఇటూ తిప్పి, వెనక అరలోంచి రెండు డబ్బాలు తీసి ముందు పెడతారు. వాన లేక ఆకు వాడినా ఆ డబ్బాలే, వాన ఎక్కువై ఎర్రబారినా ఆ డబ్బాలే. కానీ తెలుగులో చెబుతారు, అరువు ఇస్తారు, పొద్దున ఏడింటికల్లా షట్టరు తీస్తారు. ఈ మూడింటిలో ఒక్కటి మీకు చేతనైనా ఆయనకు నిద్ర పట్టేది కాదు.

ఇక అధిక వర్షం గడి. అందులో మీ సలహా: నిలిచిన నీటిని బయటకు పంపాలి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో ఒక్క రోజులో అంత వాన అంతకుముందు నమోదు కాలేదు. మోరంచవాగు ఊరి మీద పడితే మోరంచపల్లి జనం ఇళ్ల కప్పులెక్కి హెలికాప్టర్ల కోసం చూశారు. నీటిని బయటకు పంపమంటున్నారు సరే, ఏ బయటకు? కాకతీయుల నాటి నుంచీ మావి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకే వస్తాయి. నేను పంపిన నీరు కింది ఊరివాళ్లకు వరద.

ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, చెరువు నీళ్లు పంచే మా నీరటి ముసలాయనకు తెలిసేది. తూము రాతి మీద నీటి చార ఎక్కడుందో చూసి, యాసంగికి ఎన్ని ఎకరాలు నాటవచ్చో చెప్పేవారు. ఆయన పోయారు. కొడుకు హనుమకొండలో ఆటో నడుపుతున్నాడు. 2015లో మిషన్ కాకతీయ వచ్చి చెరువులో పూడిక తీసింది, కట్టకు మట్టి పోసింది. ముసలాయన లెక్క మాత్రం ఎవరూ రాసుకోలేదు. మీకున్నన్ని గడుల్లో ఆయనకు ఒక్కటీ దొరకలేదు.

అసలు ఫిర్యాదు ఇది. ‘చేసి చూశాం, పని చేయలేదు’ అనే గడి మీలో ఎందుకు లేదు? మా వైపు ఒకాయన నాట్లు మానేసి, పొడి దుక్కిలోనే వరి వెదజల్లారు. నీళ్లు మిగిలాయి, కూలి మిగిలింది. తడి పదునులేని నేలలో కలుపు మందు కొట్టడంతో మందు పని చేయలేదు. ఊద గడ్డి వరికంటే ముందు లేచింది. మిగిలిన కూలి అంతా కలుపు తీతకే పోయింది. మరుసటి ఏడాది ఆయన పదును చూసి మందు కొట్టి గట్టెక్కారు. అదే ఏడు పక్క ఊళ్లో ఇంకొకాయన మొదటాయన చేసిన తప్పే చేశారు. మధ్య దూరం సైకిలు మీద పోయేంత. గెలిచిన చేనుకైతే రోడ్డు పక్కన ఫ్లెక్సీ, ఫొటో, టెంటు కింద భోజనాలు. ఓడిన చేను బోర్డును రాత్రికి రాత్రే పీకేస్తారు. ఓడిన రైతు కూడా పరువు పోతుందని నోరు మెదపడు, ఆ మాట కూడా చెప్పుకోవాలి.

కాబట్టి దయచేసి ఒకసారి రండి. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు, కూర్చోవడానికి కుర్చీలున్నాయి. తెలుగు నేర్చుకుని రండి. వచ్చాక మీరు తక్కువ మాట్లాడండి. ఏ చేనులో, ఏ నేలలో, ఎంత ఖర్చుతో ఏది దెబ్బతిందో రాసి గోడకు అంటించండి. సేటు గారినీ పిలుద్దాం, ఆయన డబ్బాల లెక్క కూడా రాద్దాం.

ఇట్లు,
మీ పట్టికలోని ఎర్ర నేలల రైతు

తా.క.: మీరు పుట్టినప్పుడు వరంగల్ ఒకే జిల్లా. ఇప్పుడు వరంగల్, హనుమకొండ, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ములుగు అయ్యాయి. చేర్యాల సిద్దిపేటకు పోయింది. మీ చిరునామా ఎక్కడో తేలక ఈ ఉత్తరాన్ని ఏడు కలెక్టరేట్లకూ పంపుతున్నాను. ‘మా పరిధి కాదు’ అని ముందుగా తిప్పి పంపిన జిల్లాలోనే మీరు ఉన్నట్టు భావిస్తాను.